ప్రాజెక్టు పోస్టర్లు, స్నాతకోత్సవం ఒకే రోజు పెట్టుకోవడం ఎలా: చిన్న యూనివర్సిటీల ఫైనలియర్ వాళ్లకి

గుంటూరు, విజయవాడ మధ్య యూనివర్సిటీలకి కొదవేం లేదు. నంబూరు దగ్గర 1976లో మొదలైన నాగార్జున యూనివర్సిటీ దగ్గర్నుంచి వడ్డేశ్వరం, నీరుకొండ, అటు వడ్లమూడి దాకా ఎటు వెళ్లినా ఒక ఆర్చీ, ఆర్చీ పక్కన ఒక ఫ్లెక్సీ కనిపిస్తాయి. పెద్దవాటికి ఈవెంట్ మేనేజర్లు ఉంటారు, డ్రోన్ కెమెరాలు ఉంటాయి, వాళ్లకి ఈ రాతతో పని లేదు. మొత్తం కలిపి రెండు మూడొందల మంది డిగ్రీ తీసుకునే చిన్న చోట, స్టూడెంట్ కమిటీ అని పేరు పెట్టి పనంతా నెత్తిన పడేస్తే ఏం చేయాలో తెలీక చూస్తున్న ఫైనలియర్ పిల్లల కోసం, వాళ్లతో పాటు ఇరుక్కున్న నాలాంటి అసిస్టెంట్ ప్రొఫెసర్ల కోసం రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, నా వాదన ఒకటే. రీసెర్చ్ డే అని ఫిబ్రవరిలో ఒకటి, స్నాతకోత్సవం అని ఎప్పుడో ఇంకోటి, ఇలా విడివిడిగా పెట్టడం దండగ. మొదటిదానికి పోస్టర్ల ముందు ఉండేది ఆ పోస్టర్లు వేసినవాళ్లూ, అటెండెన్స్ ఇస్తామని తోలుకొచ్చిన సెకండియర్ వాళ్లూ. రెండోదానికి ఊళ్ల నుంచి అమ్మానాన్నలు, మేనమామలు, నాయనమ్మలు, ఒక్కోసారి ఊరి మాస్టారు కూడా వస్తారు. కానీ వాళ్లకి చూపించేదేమీ ఉండదు, స్టేజీ మీద పట్టా పట్టుకున్న ఒక్క ఫోటో తప్ప. పిల్ల మూడేళ్లో నాలుగేళ్లో ఏం చదివిందో, ఆ ప్రాజెక్టు పేరు చెప్పి అర్ధరాత్రి దాకా ఏం చేసిందో వాళ్లకి చివరిదాకా తెలీదు. అందుకని రెండూ ఒకే రోజు పెట్టండి.

తేదీ

తేదీ తేలితే సగం పని అయినట్టే. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2008 నిబంధనల ప్రకారం విద్యార్థి డిగ్రీకి అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ చేతికివ్వాలి. కాబట్టి 'ఎప్పుడో చేద్దాంలే' అనే ఆఫీసు వాళ్లకి ఈ మాట మర్యాదగా గుర్తు చేయొచ్చు. స్టేట్ యూనివర్సిటీ అయితే ఛాన్సలర్ గవర్నర్ గారే కాబట్టి వాళ్ల ఆఫీసు ఇచ్చిన తేదీయే తేదీ, మీరు చేయగలిగేది పెద్దగా లేదు. ప్రైవేటు, డీమ్డ్ అయితే మాత్రం కాస్త మాట్లాడుకునే వీలుంటుంది.

నన్నడిగితే ఆషాఢం. నవ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, దానికి తోడు ముహూర్తాలు దండిగా ఉంటే షామియానా వాళ్లు, క్యాటరింగ్ వాళ్లు, ఫోటోగ్రాఫర్లు ఒక్కరూ దొరకరు, దొరికినా రేటు విని మన అకౌంట్స్ సెక్షన్ వాళ్లు మూర్ఛపోతారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అదే క్యాటరింగ్ ఆయన మనకే ఎదురు ఫోన్ చేసి 'సార్, స్వీటు ఒకటి ఎక్ట్రా పెడతా' అంటాడు. ఇంకో పెద్ద లాభం ఏంటంటే ఫైనల్ సెమిస్టర్ రిజల్ట్స్ అప్పటికి వచ్చేసి ఉంటాయి, అమెరికా ఫాల్ ఇన్‌టేక్‌కి వెళ్లేవాళ్లు ఆగస్టులో ఫ్లైటెక్కుతారు కాబట్టి అప్పటికింకా ఇక్కడే ఉంటారు. సెప్టెంబరు తర్వాత పెట్టారంటే మీ బ్యాచ్‌లో ఎంతోమంది 'ఇన్ ఆబ్సెన్షియా' లిస్టులోకి, అంటే రాకుండానే డిగ్రీ తీసుకునేవాళ్లలోకి పోతారు, వాళ్ల నాన్నగారొచ్చి ఆఫీసు కిటికీ దగ్గర కవరు తీసుకెళ్తారు. ఆషాఢం సాధారణంగా జూన్ చివర్లో మొదలై జూలైలో ఉంటుంది, దానికి ముందు అధిక మాసం పడిన ఏడాది ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది, క్యాలెండర్ చూసుకోండి. 'ఆషాఢంలో శుభకార్యమా' అని ఎవరైనా పెద్దవాళ్లు అంటే, పట్టా తీసుకోడానికి ముహూర్తం అక్కర్లేదండీ అనండి, ఒప్పుకుంటారు. వాన ఒక్కటే తలనొప్పి. పోస్టర్లు ఆరుబయట పెట్టకుండా కారిడార్లో పెట్టుకుంటే అదీ తీరుతుంది.

పోస్టర్ బాగుండాలంటే ప్రాజెక్టు చిన్నదై ఉండాలి

ఇది జూలైలో ఆలోచించే సంగతి కాదు, అంతకుముందు ఏడాది టైటిల్ ఇచ్చే రోజున ఆలోచించాలి. టైటిల్ దగ్గరే సగం మంది మునుగుతారు. 'ఆంధ్రప్రదేశ్‌లో వరదల సామాజిక, ఆర్థిక ప్రభావం - ఒక అధ్యయనం' అని పెడితే వినడానికి గంభీరంగా ఉంటుంది, గైడ్ గారు సంతకం పెట్టేస్తారు, తీరా డిసెంబరు వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక నెట్‌లోంచి పేజీలకి పేజీలు ఎత్తి దింపుతారు. దానికి బదులు '2024 సెప్టెంబరు వరద తర్వాత విజయవాడ సింగ్ నగర్లో రెండు వీధుల కిరాణా కొట్లు మళ్లీ తెరుచుకోడానికి ఎన్నాళ్లు పట్టింది, సరుకు నింపడానికి డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చారు' అనుకోండి. రెండు వీధులు, ఒకటే ప్రశ్న. ఆదివారాలు తిరిగితే పూర్తయిపోయే పని, పైగా వైవాలో ఎక్స్‌టర్నల్ ఏం అడిగినా తడుముకోరు, ఎందుకంటే ఆ కొట్ల ముందు నిలబడింది మీరే.

ఆ వరద గురించే ఒక మాట. అప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారన్న అంకె ప్రతి రిపోర్టులోనూ మొదటి పేజీలోనే ఉంటుంది. అవి కృష్ణ నీళ్లు. సింగ్ నగర్‌ని ముంచింది ప్రధానంగా బుడమేరు వాగు, దాని కట్టకి పడ్డ గండ్లు. ఈ తేడా పట్టించుకోకుండా రాస్తే, ఆ రోజుల్లో మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్ కోసం ఎదురుచూసిన ఏ తల్లి అయినా మీ పోస్టర్ ముందు నిలబడి తప్పు పట్టేస్తుంది, పట్టాలి కూడా.

మన చుట్టుపక్కల టాపిక్‌లకి కరువా? కొండపల్లి బొమ్మలకి తెల్లపొణికి కర్ర ఇప్పుడు ఎక్కణ్నుంచి వస్తోంది, ఆటోనగర్లో బస్సు బాడీలు కట్టే షెడ్లలో కొత్త కుర్రాళ్లు చేరుతున్నారా, మంగళగిరి మగ్గం మీద రోజుకి ఎంత నేత పడుతోంది, గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయలు ఎవరు కొంటున్నారు. ఇవన్నీ బస్సు ఛార్జీతో అయిపోయే ప్రాజెక్టులు. ధరల లెక్కలు కావాలంటే యార్డు కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో ఉంది, ఆగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ సైటులో రోజువారీ రేట్లు దొరుకుతాయి.

నాలుగేళ్ల ఆనర్స్ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. యూజీసీ 2022 డిసెంబరు క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్లే నాలుగో ఏడాది రీసెర్చ్ తీసుకోవచ్చు, డిసర్టేషన్‌కి 12 క్రెడిట్లు. ఐదో సెమిస్టర్లో మార్కులు పోగొట్టుకుని, ఆరో సెమ్ తర్వాత 'సార్, పాయింట్ మూడు తక్కువైంది' అని వస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

జర్నల్స్ విషయం. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' (కేంద్రమే చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే పథకం) 2025 జనవరి నుంచి నడుస్తోంది కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకే, మీది ప్రైవేటు అయితే పక్క ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే ఫ్రెండ్‌ని బతిమాలుకోవడమే. శోధ్‌గంగ మాత్రం అందరికీ ఫ్రీ, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి అందులో, మీ టాపిక్ మీద అప్పటికే ఎవరో చేసి ఉంటారు, అది చూసి భయపడక్కర్లేదు, వాళ్ల ప్రశ్నావళి ఎలా ఉందో చూసి నేర్చుకోండి. కాపీ సంగతికొస్తే యూజీసీ 2018 నిబంధనల్లో (అవి పీజీ, పరిశోధన డిగ్రీల థీసిస్‌లకి రాసినవి, మామూలు ప్రాజెక్టు రిపోర్టులకి కాదు) లెక్క స్పష్టంగా ఉంది: పోలిక 10 శాతం దాకా ఏమీ అనరు, 10 నుంచి 40 అయితే సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావు, కాబట్టి వాటి గురించి టెన్షన్ పడకండి. 'యూజీసీ కేర్ జర్నల్, మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఉచితం' అని వాట్సాప్‌లో వచ్చేవాటికి మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. కేర్ అంటే యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా, ఆ లిస్టునే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, వాళ్లింకా దాని పేరు చెప్పి బతుకుతున్నారు.

మనుషుల్ని ప్రశ్నలడిగే ప్రాజెక్టయితే వాళ్ల ఒప్పుకోలు తీసుకోండి, తెలుగులో రాసిన కాగితం మీద. ఆసుపత్రిలో రోగుల దగ్గరికి వెళ్లేదయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు రావాలి, 'డేటా తీసుకున్నాక అప్లై చేస్తాం' అంటే ఆ డేటా చిత్తు కాగితాలతో సమానం.

పోస్టర్

సైజు ఏ1 చాలు, అంటే 594 బై 841 మిల్లీమీటర్లు. ఏ0 దానికి రెట్టింపు, చిన్న కారిడార్లో పట్టదు, పైగా ఖాళీ నింపడానికి అనవసరమైనవన్నీ పెడతారు. ఫ్లెక్సీ మీద కంటే మందపాటి కాగితం మీద వేయించి సన్‌బోర్డుకి అతికించుకుంటే మెరుపు ఉండదు, ఫోటోలో చక్కగా పడుతుంది.

సగం తెలుగులో ఉండాలి. ఇది నా పట్టుదల, దీని మీద డీన్‌తో కూడా వాదిస్తా. టైటిల్ ఇంగ్లిష్‌లో ఉంటే ఉండనివ్వండి, కింద పెద్దక్షరాల్లో 'మేం ఏం తెలుసుకోవాలనుకున్నాం, ఎలా చేశాం, ఏం తేలింది' అని మూడు ముక్కలు మాట్లాడే తెలుగులో రాయండి. గ్రాఫు ఒకటి చాలు. ఫోటోలు రెండు, అందులో ఒకటి మీరు పని చేస్తున్నది, సెల్ఫీ కాదు.

తెలుగు అనగానే వచ్చే అసలు కష్టం ప్రింటింగ్ షాపులో ఉంటుంది. గవర్నర్‌పేటలో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా పాత డీటీపీ వాళ్ల చేయి 'అను' అనే పాతకాలం ఫాంట్ల మీద ఆడుతుంది, మీరు ఫోన్లో టైప్ చేసింది యూనికోడ్. దాన్ని కాపీ చేసి వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేయగానే వత్తులు పక్కకి జరుగుతాయి, 'క్ష' విడిపోతుంది, 'శాస్త్రం' కాస్తా 'శాస్‌త్‌రం' అయి కూర్చుంటుంది. కుర్రాడు అది చూసి 'బానే ఉంది కదన్నా' అంటాడు. కాబట్టి మీరే ఇంట్లో డిజైన్ పూర్తి చేసి, ఫాంట్ లోపల కలిసిపోయేలా పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి, 'దీన్నేం ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు ప్రింట్ ఇవ్వు' అని చెప్పండి. మండలి, ఎన్టీఆర్, గిడుగు, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి మండలి హాయిగా ఉంటుంది. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస తలకట్లకి తగులుకుంటాయి. ప్రింటుకి నాలుగు రోజుల ముందే ఇవ్వండి, ఆ వారంలో ఏ నాయకుడి పుట్టినరోజైనా పడిందంటే ఊళ్లో మిషన్లన్నీ ఆయన బొమ్మే వేస్తుంటాయి, మీ పోస్టర్ ఎవరూ పట్టించుకోరు.

తెలుగులో పెట్టమని ఎందుకంత గట్టిగా అంటున్నానో ఒక ఉదాహరణ చెప్తా. మిర్చిని టార్పాలిన్ పట్టాల మీద ఆరబెడితే ఎలా ఉంటోంది, మట్టి కల్లంలో ఆరబెడితే ఎలా ఉంటోంది, ఎందులో తేమ త్వరగా తగ్గింది, ఎందులో బూజు వచ్చింది అని ఒకమ్మాయి పోస్టర్ పెట్టింది. పల్నాడు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి నాన్నగారు, తెల్ల పంచె, చేతిలో మడిచిన ఆహ్వానపత్రం, దాని ముందు చాలాసేపు నిలబడి వేలు పెట్టి వరసా వరసా చదివి, 'ఏ రకం అమ్మా ఇది, తేజానా, 334ఆ?' అని అడిగారు. అమ్మాయి 'అది రాయలేదండీ' అంది. 'రకం రాయకుండా ఆరుదల గురించి ఏం రాస్తావు తల్లీ, తేజ కాయ వేరు, 334 కాయ వేరు, రెండూ ఒక్కలా ఎండుతాయా?' గైడ్ అడగలేదు, ఎక్స్‌టర్నల్ అడగలేదు, ఆ ప్రశ్న ఆయనే అడిగారు. ఆ పిల్ల వెంటనే మార్కర్ తెచ్చి పోస్టర్ మూలన '334' అని రాసి, రిపోర్టులో లిమిటేషన్స్ కింద ఒక పేరా కలిపింది. ఇంగ్లిష్‌లో ఉంటే ఆయన 'బాగుందమ్మా' అని ముందుకెళ్లిపోయేవారు.

ఆ రోజు పొద్దున

స్నాతకోత్సవం నాడు ఎక్కడైనా జరిగేది ఇదే: పిల్లల్ని ఎనిమిదింటికి రమ్మంటారు, గౌన్లు పంచుతారు, వరసలో నిలబెడతారు, రిహార్సల్ అంటారు, ముఖ్య అతిథి పదకొండున్నరకి వస్తారు. అప్పటిదాకా అమ్మానాన్నలు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఖాళీగా కూర్చుని ఫోన్లో బ్యాటరీ అరగదీసుకుంటూ ఉంటారు. మనకి కావాల్సిన టైం అదే. రిహార్సల్‌ని ముందు రోజు సాయంత్రానికి తోసేయండి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా పోస్టర్లు, ఎవరి పోస్టర్ దగ్గర వాళ్లు. పదికి గౌన్లు, వరస. మీరు వరసలోకి వెళ్లాక పోస్టర్ దగ్గర ఒక సెకండియర్ తమ్ముడినో చెల్లినో నిలబెట్టండి, ముందురోజే విషయం ఐదు నిమిషాల్లో నేర్పేయండి. వచ్చే ఏడాదికి కమిటీ కూడా అక్కడే తయారవుతుంది.

పోస్టర్లు ఎక్కడ పెడతారనేది ముఖ్యం. సెమినార్ హాల్ మూడో అంతస్తులో పెడితే మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మలు రారు. పార్కింగ్ నుంచి భోజనాల దాకా నడిచే దారిలో పెట్టండి, చూడకుండా ఎవరూ తప్పించుకోలేరు. కాఫీ, మజ్జిగ కూడా అక్కడే ఇవ్వండి. వయసైనవాళ్ల కోసం రెండు పోస్టర్లకి ఒక కుర్చీ.

అతిథి గారిని కూడా స్టేజీకి నేరుగా తీసుకెళ్లకుండా ఆ దారమ్మటే నడిపించండి. మూడు పోస్టర్లు ముందే ఎంచి పెట్టుకోండి, ఒక్కోదానికి రెండు నిమిషాలు. అన్నీ చూపిద్దామని పోతే అతిథికి ఓపిక పోతుంది, చూపించనివాళ్లు ఏడుస్తారు. ఎంపిక మార్కుల్ని బట్టి కాకుండా లాటరీ తీస్తే గొడవుండదు.

బహుమతులు ఇవ్వాలనుకుంటే ఒకటి తల్లిదండ్రుల ఓటుకి పెట్టండి. ప్రతి కుటుంబానికి ఒక చీటీ, సొంత పిల్లకి వేయకూడదని రూలు. వేస్తారు, వేయనివ్వండి, అందరూ వేస్తారు కాబట్టి లెక్క సరిపోతుంది.

స్టేజీ మీద కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పను, ప్రతి యూనివర్సిటీకీ దాని పద్ధతి ఉంటుంది: రిజిస్ట్రార్ ముందు నడవడం, ఛాన్సలర్ స్నాతకోత్సవం ప్రారంభమైందని ప్రకటించడం, ప్రతిజ్ఞ, పట్టాలు, ప్రసంగం, జాతీయ గీతం. ఒక్క కోరిక కోరండి. పేరు పిలిచేటప్పుడు ప్రాజెక్టు టైటిల్ కూడా తెలుగులో ఒక ముక్క చదవమనండి. రెండొందల మందికి ఒక్కొక్కరికి పది సెకన్లు ఎక్కువ పట్టినా అరగంటే. ఆ అరగంట కావాలంటే సన్మానాలు, శాలువాలు తగ్గించుకోవచ్చు, ముఖ్యంగా స్టేజీ మీద ఉన్నవాళ్లు ఒకరికొకరు కప్పుకునేవి. పేర్లు చదివేవాళ్లకి ఇంటిపేర్లు ముందే వినిపించండి, బయట రాష్ట్రం నుంచి వచ్చిన మేడమ్ 'చెరుకుమిల్లి' దగ్గర ఆగిపోతే హాలంతా నవ్వుతుంది, ఆ పిల్ల మాత్రం నవ్వదు.

గౌను బదులు కండువా

నల్ల గౌను అద్దెకి తెచ్చి, డిపాజిట్ కట్టి, చెమటలు కక్కి, నాలుగింటికల్లా మడిచి వెనక్కివ్వడం కంటే మంగళగిరి చేనేత కండువా మంచిది. మీరే ఉంచుకోవచ్చు. మేనేజ్‌మెంట్ వాళ్లు 'గౌను లేకపోతే ఎలా' అంటే, స్నాతకోత్సవ వస్త్రాలకి చేనేత వాడమని యూజీసీ 2015లోనే రాసింది, 2019లో మళ్లీ గుర్తు చేసింది అని చెప్పండి. తన కింద ఉన్న వైద్య సంస్థలకైతే నల్ల గౌను, టోపీ మార్చి భారతీయ వస్త్రధారణ పెట్టుకోమని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టులో చెప్పింది. మంగళగిరి మనకి పక్కనే, నిజాం అంచుతో కండువా నేయించుకుంటే ఫోటోలో దాని దర్జానే వేరు. అయితే మగ్గం మీద పని, ఆర్డరిచ్చిన వారానికి రెండొందలు కావాలంటే రావు. రెండు మూడు నెలల ముందు వెళ్లి మాట్లాడండి, డిపార్ట్‌మెంటుకో రంగు చొప్పున అడగండి, అడ్వాన్సు ఇవ్వండి. తొందరపెడితే మీకొచ్చేది పవర్‌లూమ్ సరుకు.

వచ్చేవాళ్ల సంగతి

ఆహ్వానపత్రంలో ఛాన్సలర్ ఫోటో ఎంత పెద్దగా ఉన్నా సరే, వెనకవైపు దారి తెలుగులో రాయండి. గుంటూరు, విజయవాడ మధ్య నాన్‌స్టాప్ ఎక్కితే మధ్యలో ఆపరు, ఈ సంగతి మనకి తెలుసు, దర్శి నుంచి తెల్లవారుజామున బయల్దేరిన వాళ్లకి తెలీదు. ఏ బస్సెక్కాలో, ఏ స్టాపులో దిగాలో, కాజ టోల్ గేటుకి అటా ఇటా, దిగాక ఎవరికి ఫోన్ చేయాలో, అన్నీ రాయండి. ఫోన్ నంబరు కమిటీలో పొద్దున్నే లేచేవాడిది ఇవ్వండి.

పాసులు కుటుంబానికి రెండే అంటే ఏడుపులే. హాల్లో చోటు లేకపోతే బయట ఒక స్క్రీన్ పెట్టి అక్కడ ఫ్యాన్లు వేయండి. భోజనాలు కూపన్ మీద పెట్టండి కానీ, డ్రైవర్‌కీ చిన్నపిల్లలకీ కూపన్ అడిగే పరిస్థితి తేకండి. అతిథి కోసం భోజనాలు ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఒంటిగంట దాటితే ఆగలేరు, కార్యక్రమం ఆలస్యమైతే వెనక నుంచి వరసల వారీగా పంపేయండి.

కాగితాలు

డిగ్రీ మీద పేరు తెలుగులో కూడా వేసే చోట ప్రూఫ్ మీరే చూడండి, ఇంకొకరి చేత చూపించకండి. 'సుధ' 'సుద' అవుతుంది, 'శిరీష' 'సిరీష' అవుతుంది, ఇంగ్లిష్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండాలా పూర్తిగా ఉండాలా అన్నది టెన్త్ మెమో ప్రకారమే పోతుంది. పాస్‌పోర్టులో వేరేలా ఉంటే ఇప్పుడే చూసుకోవాలి, పట్టా ప్రింటయ్యాక మార్పించడం అంటే అఫిడవిట్లు, చలానాలు, ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు.

స్టేజీ మీద ఇచ్చే ఫోల్డర్లో ఒక్కోసారి ఖాళీ అట్టే ఉంటుంది, అసలు ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తర్వాత కౌంటర్లో ఇస్తారు. ఆ కౌంటర్ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో ముందే కనుక్కుని అందరికీ చెప్పండి. ఓడీ, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), టీసీ, వేరే రాష్ట్రం వెళ్లేవాళ్లకి మైగ్రేషన్. వీటిలో ఏది చేతికొచ్చినా గేటు దాటకముందే తెరిచి చదవండి. డిజిలాకర్లో డిగ్రీ పడిందో లేదో కూడా చూసుకోండి, అది చెల్లుతుంది. నో డ్యూస్ వారం ముందే పూర్తి చేసుకోండి, లైబ్రరీలో పోయిన ఒక్క పుస్తకం దగ్గర సగం మంది ఆగిపోతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు ఉన్నాయి. నాకు తెలిసిన ఒకచోట స్టేజీ మీద ఫోటో దిగనిచ్చి కింద కాగితం వెనక్కి తీసుకున్నారు. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్స్ తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. నోటితో గొడవపడకుండా రాతపూర్వకంగా అడగండి, అడిగిన కాగితం నకలు మీద ఇన్‌వర్డ్ సీలు వేయించుకోండి. ఆ సీలుంటే తర్వాత మాట్లాడే తీరు మారుతుంది.

మర్నాడు

పోస్టర్లు మెట్ల కింద గదిలో పడేయకండి. ఎవరి దగ్గర సమాచారం తీసుకున్నారో వాళ్లకి రెండు పేజీల తెలుగు సారాంశం ఇచ్చి రావాలి, సింగ్ నగర్ కొట్టు ఆయనకైనా, మగ్గం మీద కూర్చున్న అన్నకైనా. అన్ని పోస్టర్ల పీడీఎఫ్‌లు లైబ్రరీలో ఒక ఫోల్డర్లో పెట్టించండి, టైటిల్ వెతుక్కునే జూనియర్లకి పనికొస్తుంది. షామియానా, క్యాటరింగ్, ప్రింటింగ్ బిల్లులు జీఎస్టీ నంబరుతో ఉన్నవే తీసుకుని వారంలోపు అకౌంట్స్‌లో ఇచ్చేయండి. అడ్వాన్సు మీ పేరు మీద తీసుకుని ఉంటే అది సెటిలయ్యేదాకా మీకూ నో డ్యూస్ రాదు.